దండెం మీద కిల్టు

"ఇవాళ కాకపోతే రేపు గాలి లేస్తుంది. నీ కిల్టు పట్టుకుని లేస్తుంది. దానితోపాటు నీ ఉద్యోగమూ ఎగిరిపోతుంది. రాసిపెట్టుకో," అన్నాను మా ఫిన్లేతో, ఓట్స్ జావ గిన్నె వాడి ముందు పెడుతూ.

అప్పటికింకా ఏమీ జరగలేదు. బయట గాలి కూడా లేదు. మా లూయిస్ దీవిలో గాలి లేదంటే అది ఎక్కడో నక్కి ఊపిరి బిగపట్టుకుందని అర్థం. నాకు అలాంటి రోజులంటేనే ఎక్కువ భయం.

"ఎగిరితే ఎగరనీ అమ్మా. నేను పని చేసేది చచ్చిపోయినవాళ్ళకి. వాళ్ళెవరూ ఇంతవరకూ ఫిర్యాదు చెయ్యలేదు," అని వాడు జావలో ఉప్పు కలుపుకున్నాడు.

ఫిన్లే మర్డో దగ్గర వడ్రంగి. మర్డో కొట్టంలో కిటికీ చట్రాలు చేస్తారు, శవపేటికలు చేస్తారు, ఎవరైనా పోతే సమాధిదాకా అన్నీ చూసుకుంటారు. మర్డో మా సంఘ పెద్ద కూడా. చర్చిలో కీర్తన ఎత్తేది ఆయనే. ఆయన ఒక చరణం పలికితే వెనకాల మేమందరం అందుకోవాలి. ఊళ్ళో పుట్టినవాడికి ఆయన చేసిన కిటికీ, పోయినవాడికి ఆయన చేసిన పెట్టె. అలాంటివాడితో పెట్టుకోకూడదని నేను మొత్తుకుంటూనే ఉన్నాను.

కిల్టంటే మా దీవుల్లో మగవాళ్ళు మోకాళ్ళదాకా చుట్టుకునే ఉన్ని కుచ్చెళ్ళ పావడా, లోపల ఇంకేమీ తొడగరు. ఈ కిల్టు గొడవంతా ఒక సెగగడ్డతో మొదలైంది. చలికాలంలో మావాడికి కూర్చునేచోట సెగగడ్డ లేచింది. పట్నం ఆసుపత్రిలో కోసి, మానేదాకా ప్యాంటు తొడగొద్దన్నారు. నేనైతే ఆ కోతతోనే వాడు పోతాడనుకుని మూడు పూటలు తిండి మానేశాను. వాడు మాత్రం బట్టల పెట్టె అడుగునుంచి వాళ్ళ నాన్న పెళ్ళినాటి కిల్టు తీసి, కలరా ఉండల వాసనతోనే నడుముకి చుట్టుకుని పనిలోకి వెళ్ళిపోయాడు. గడ్డ మానింది. మచ్చ కూడా పోయింది. కిల్టు మాత్రం పోలేదు.

శుక్రవారం పొద్దున ముసలి ఎఫీ కన్నుమూసింది. ఆ సాయంత్రం మర్డో మా ఇంటికి వచ్చాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆయన మోకాలు నల్ల ప్యాంటులో భద్రంగా ఉంది.

"పెగ్గీ, నేను మోకాళ్ళ సంగతి మాట్లాడదామని వచ్చాను," అన్నాడు.

"మందు రాసుకుంటున్నానండీ. వాన ముందు మరీ లాగుతున్నాయి," అన్నాను.

"నీవి కాదు. మీవాడివి."

పొయ్యి పక్కన కూర్చున్న ఫిన్లే కాళ్ళు ఇంకాస్త చాపాడు. వెనక్కి తీసుకోమని నేను కళ్ళతో సైగ చేశాను. నా సైగలు వాడికి చిన్నప్పటినుంచీ కనబడవు.

"గడ్డ మానిందిగా?" అని అడిగాడు మర్డో.

"మానింది."

"మరి?"

"అలవాటైపోయిందండీ. గాలి ఆడుతోంది."

"నా భయం కూడా ఆ గాలి గురించే. నువ్వు పాడె మోస్తావు. గుంట అంచున నిలబడి తాడు పట్టుకుని వంగుతావు. సముద్రం గాలి కొడుతుంది. వెనకాల నలభైమంది మగవాళ్ళు తలలు వంచుకుని ప్రార్థనలో ఉంటారు."

"తలలు వంచుకుని ఉంటే ఇంక చూసేదెవరు?"

మర్డో టీ కప్పు కింద పెట్టాడు. "మగవాడి కాళ్ళు చూసి దేవుడు సంతోషించడని లేఖనంలోనే ఉంది."

"సంతోషించమని నేనెప్పుడూ అడగలేదండీ."

మా ఇంటికప్పు మీద పిడుగు పడకపోవడం ఆ దేవుడి మంచితనమే. నేను కంగారులో మర్డో కప్పులో మళ్ళీ చక్కెర వేశాను. అప్పటికే రెండుసార్లు వేసినట్టున్నాను.

"సైనికుడు వేసుకుంటాడు, కాదనను. పెళ్ళికొడుకు వేసుకుంటాడు. నువ్వు ఈ ఇద్దరిలో ఎవరివి?"

"యుద్ధం లేదు, పిల్లా దొరకలేదు. ప్యాంటు వేసుకుంటే రెండిట్లో ఏదైనా వస్తుందా?"

మర్డో టోపీ పెట్టుకుని లేచాడు. "సోమవారం ఎఫీ సమాధి. నల్ల ప్యాంటుతో వస్తే రా. కిల్టుతో అయితే రాకు. మంగళవారం కూడా రానక్కర్లేదు."

ఆయన వెళ్ళిపోయాడు. ఇక్కడ పని పోతే మావాడికి ఇంకేం ఉంది. చమురు తీసే ఇనుప దిమ్మల మీదికి పోతాడు, నడి సముద్రంలోకి. మా అన్న పడవతో సహా పోయింది ఆ నీళ్ళలోకే. నాకు అప్పుడే వాడు చివరి మెట్టు మీద కాలు జారడం కూడా కనబడింది.

"ఒక్క రోజు ప్యాంటు వేసుకుంటే నీ సొమ్మేం పోతుందిరా?"

"ఒక్క రోజు వేసుకుంటే ఇంక ఎప్పటికీ వేసుకోవాలమ్మా. మర్డో నాకు ప్యాంటు తొడిగాడని చెప్పుకుంటారు. నా పని బాగాలేదంటే మానేస్తాను. నా పెట్టెల్లో ఎవరూ ఇరుకుగా ఉందని లేవలేదు కదా."

వాడితో మాట్లాడి లాభం లేదని తెలిశాక నాకు ఒక ఉపాయం తట్టింది. నాకు ఉపాయాలు తట్టడం అరుదు, తట్టినవన్నీ చెడిపోవడం మామూలు. శనివారం మధ్యాహ్నం వాడు రబ్బరు ప్యాంటు తొడుక్కుని రాళ్ళ మీద గాలం వెయ్యడానికి వెళ్ళాడు. నేను కిల్టు తీసి తొట్టిలో ముంచాను. దళసరి ఉన్ని, లెక్కలేనన్ని కుచ్చెళ్ళు. ఒకసారి తడిస్తే రెండు రోజులకి గానీ ఆరదు. సోమవారం నాటికి చెమ్మగానే ఉంటుంది, చచ్చినట్టు ప్యాంటు వేసుకుంటాడు. మురికిగా ఉంటే ఉతికానంటాను, తల్లిని ఎవరేమంటారు. దండెం మీద వేసి నాలుగు క్లిప్పులు పెట్టి, చీకటి పడేలోగా లోపలికి తెచ్చి పొయ్యికి దూరంగా వెయ్యాలనుకున్నాను.

ఇంతలో పక్కింటి డోలినా గేటు దగ్గరనుంచి పిలిచింది. "ఎఫీ ఇంట్లో ప్రార్థన మొదలుపెడుతున్నారు. వస్తావా, నీ బట్టలకి కాపలా కాస్తావా?"

వెళ్ళాను. కీర్తనలు పాడాం, ఎఫీని తలుచుకుని ఏడ్చాం, టీ తాగాం, మళ్ళీ పాడాం. ఇంటికి వచ్చి, ఫిన్లే తెచ్చిన చేప వండి, ఆదివారానికి దుంపలు ముందుగానే చెక్కు తీసి పెట్టుకుని, ఏదో మర్చిపోయానే అనుకుంటూ పడుకున్నాను. పొయ్యి ఆర్పడం మర్చిపోయానేమోనని లేచి చూశాను కూడా. పొయ్యి ఆరే ఉంది.

ఆదివారం పొద్దున కర్టెన్ తీశాను. దండెం మీద కిల్టు.

మా ఊళ్ళో ఆదివారం నాడు బట్ట ఆరదు. విశ్రాంతిదినాన దండెం ఖాళీగా ఉండాలి. ఎప్పుడో చేతిరుమాలు మర్చిపోయిన కాటరీనా సంగతి ఆమె మనవరాలి పెళ్ళిలో కూడా చెప్పుకున్నారు. పోనీ గబుక్కున తీసేద్దామా అంటే, ఆదివారం బట్టలు తియ్యడం కూడా పనే. ఉంచితే నేరం, తీస్తే పాపం. పైగా ఇన్ని రోజులు నక్కి ఉన్న గాలి సరిగ్గా ఆ పొద్దునే లేచింది. లోపల మనిషి లేకుండానే కిల్టు ఎగిరి, తిరిగి, కుచ్చెళ్ళు విప్పుకుని గంతులేస్తోంది. మా ఇల్లు చర్చికి వెళ్ళే రోడ్డు మీదే ఉంది.

మొదట వచ్చింది డోలినా. గేటు దగ్గర ఆగి చాలాసేపు చూసింది.

"ఏం చేస్తోంది పెగ్గీ అది, నాట్యమా, పశ్చాత్తాపమా?"

"మర్చిపోయానే. తల్లీ, నన్ను సంఘంలోంచి తీసేస్తారు."

"తియ్యరులే. తియ్యడం కూడా పనేగా, రేపటిదాకా ఆగాలి."

ఆ తరవాత జనం ఆగడం మొదలుపెట్టారు. నల్ల కోట్లు, నల్ల టోపీలు, చేతుల్లో బైబిళ్ళు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వు ఆపుకుంటున్నవాళ్ళ భుజాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు, అన్నీ అలాగే ఉన్నాయి. చివరికి మర్డో వచ్చాడు.

"ఏమిటిది?" అన్నాడు.

"నా తప్పేనండీ, వాడికి తెలియను కూడా తెలియదు," అన్నాను.

"తీసెయ్యండి దాన్ని."

"ఎవరు తియ్యాలి మర్డో?" అంది డోలినా మెత్తగా. "విశ్రాంతిదినం కదా."

"చర్చికి వెళ్ళే దారిలో ఇలా వేలాడకూడదు. నేను చెబుతున్నాను, తీసెయ్యండి."

రోడ్డు మీద అందరూ ఒక్కసారిగా కదలడం మానేశారు. సంఘ పెద్ద ఆదివారం పొద్దున, బైబిలు చంకలో పెట్టుకుని, ఊరందరి ముందు పని పురమాయించాడు. అన్న మాట ఆయన చెవికే ఆలస్యంగా చేరినట్టుంది. మొహం మెల్లగా ఎర్రబడింది. ఇప్పుడు ఈ పాపం కూడా మావాడి లెక్కలోనే వేస్తాడనుకున్నాను.

అప్పుడు తలుపు తెరుచుకుని ఫిన్లే బయటికి వచ్చాడు. ఒంటిమీద తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు. ఇస్త్రీ ప్యాంటు. నేను దేవుడికి అక్కడికక్కడే దండం పెట్టుకున్నాను. మర్డో కూడా తేలిగ్గా ఊపిరి వదిలాడు.

"మర్డోగారూ, ఆదివారం బట్టలు కట్టుకోవడం పని కిందికి వస్తుందా?" అని అడిగాడు ఫిన్లే.

"కట్టుకోకుండా చర్చికి ఎవరు వస్తారయ్యా?"

"అయితే పాపం కాదు."

"కాదు."

"అందరూ విన్నారుగా," అని వాడు తిన్నగా దండెం దగ్గరికి వెళ్ళాడు. క్లిప్పులు ముట్టుకోలేదు. ఒక్క గుంజు గుంజి కిల్టు లాగి, ప్యాంటు మీదినుంచే నడుముకి చుట్టుకుని పట్టీలు బిగించాడు. తడి ఉన్ని చల్లదనానికి ఒక్కసారి ఊపిరి ఎగబీల్చాడు. తరవాత చెప్పులు విడిచి, కిల్టు కిందికి చెయ్యి పోనిచ్చి ప్యాంటు జార్చి, ఒక్కో కాలూ బయటికి తీశాడు. గాలి ఆ పక్కనుంచి రివ్వున కొట్టింది. నేను కళ్ళు మూసుకున్నాను. డోలినా మూసుకోలేదని తరవాత తనే చెప్పింది. తడి బరువుకి అది అంగుళం కూడా లేవలేదట, చాలా నిరాశపడిందట.

నేను కళ్ళు తెరిచేసరికి మావాడు ప్యాంటు చక్కగా మడిచి మర్డో చేతిలో పెడుతున్నాడు.

"మీరు అడిగింది ఇదేగా," అన్నాడు.

చేతికి ఏదైనా ఇస్తే మనిషి పుచ్చుకుంటాడు. మర్డో పుచ్చుకున్నాడు. పుచ్చుకున్నాక ఏం చెయ్యాలో తోచలేదు. ఆదివారం పూట ఒకరి ప్యాంటు రోడ్డు మీద పారేసి వెళ్ళలేడు కదా. బైబిలు ఒక చంకలో, ప్యాంటు ఇంకో చంకలో పెట్టుకుని నడిచాడు. వెనకాల మేమందరం నడిచాం.

ఆ రోజు కీర్తన ఎత్తేముందు ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ప్యాంటు ఆయన పీట కింద ఉంది, ఒక కాలు బయటికి వేలాడుతూ. మేము చరణం అందుకున్నాం గానీ, సగంమంది గొంతులు వణికాయి. భక్తి వల్ల కాదు. నా పక్కన ఫిన్లే బల్ల కింద చిన్న మడుగు కట్టింది.

బయటికి వచ్చాక మావాడు మెట్ల మీద మర్డోని ఆపాడు. "రేపు పనిలోకి రానా, వద్దా?"

ఆదివారం పని మాట మాట్లాడకూడదు. మర్డో ఆ పొద్దున ఒకసారి మాట్లాడి చూశాడు కూడా. ప్యాంటు చంకలోనే పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజంత పొడుగు రోజు నేను చూడలేదు. వాడికి గడ్డ కోసిన నాటి రాత్రులు కూడా అంతసేపు లేవు. వాడికి తడికి న్యుమోనియా వస్తుందనుకున్నాను, అది రాకపోతే పని పోతుందనుకున్నాను. వాడు మాత్రం దుంపలు తిని నిద్రపోయాడు.

సోమవారం పొద్దున ఎఫీ ఇంటి ముందు మగవాళ్ళు పోగవుతున్నారు. మేము ఆడవాళ్ళం సమాధిదాకా వెళ్ళం, కిటికీల దగ్గర నిలబడతాం. గాలి తగ్గలేదు. మా ఇంట్లో ఫిన్లే ఇంకా ఆరని కిల్టు కట్టుకుని పొయ్యికి వీపు పెట్టి నిలబడ్డాడు. వెనకనుంచి ఆవిరి లేస్తోంది.

మర్డో తలుపు కొట్టకుండానే లోపలికి వచ్చాడు. చేతిలో ప్యాంటు ఉంది, ఇస్త్రీ చేసి ఉంది. దాన్ని నా కుర్చీ వెన్ను మీద వేసి, ముడతలు లేకుండా సర్దాడు. ఇంక వేసుకోమంటాడు, వీడు వేసుకోనంటాడు, అంతే సంగతులు అనుకున్నాను. నేను టీ కూడా పొయ్యలేదు.

"నిన్న ఒకటి అడిగాను," అన్నాడు ఫిన్లే.

మర్డో కిటికీలోంచి బయటికి చూశాడు. పొగ ఏ దిక్కుకి పోతోందో చూశాడు. కిల్టు వైపు చూశాడు, మోకాళ్ళ వైపు చూశాడు, నా వైపు చూశాడు. బయట ఎవరో ఆయన్ని పిలిచారు.

చివరికి టోపీ పెట్టుకున్నాడు.

"పాడెకి గాలి తగలని పక్కన పట్టుకో," అన్నాడు.