పట్టీల చప్పుడు

కుట్లు ఆరు పడ్డాయి. ఎడమ బుగ్గ మీద, కంటికి రెండు వేళ్ళ కింద. ఐదేళ్ళ శ్రావణిని ఒళ్ళో వేసుకుని తల్లి మీనాకుమారి కుళ్ళికుళ్ళి ఏడుస్తోంది. సూదులన్నీ పొడిపించుకున్న పిల్ల మాత్రం ఏడుపు చాలించి, ఆసుపత్రి గోడ మీద బల్లిని చూస్తోంది.

"కుక్క మీదేనా దాదూ?" అని బెంగాలీలో అడిగింది నర్సు, కాగితం నింపుతూ. "పిల్ల దాన్నేమైనా చేసిందా? కొట్టిందా, తోక లాగిందా?"

నర్సు అడిగింది పిల్ల తాత గణపతిరావుని. జవాబు చెప్పింది ఆయన భార్య చిలకమ్మ.

"ఏటీ సెయ్యనేదు దీదీ. పన్నెండేళ్ళ నుంచి మాకాడే ఉన్నాది ఆ కుక్క. ఎవుల్నీ కరవనేదు. ఇయాల ఏల కరిసినాదో ఆ దేవుడికే తెలవాల."

ఎందుకు కరిచిందో దేవుడితో పాటు గణపతిరావుకూ తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. మనవరాలి చెప్పులు చేతిలో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

గణపతిరావు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో కమ్మరం షాపు మనిషి. వాళ్ళ తాత పలాస వైపు నుంచి వచ్చి ఇక్కడ సమ్మెట పట్టాడు. తండ్రి పట్టాడు, తనూ పట్టాడు. ముప్పై ఆరేళ్ళ సర్వీసు అయింది, ఇంకా ఎనిమిది నెలలుంది. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన బిరడాలు ఏనాడూ పెట్టుకోలేదు. అవి ఆడవాళ్ళ కమ్మల్లా ఉంటాయని వెక్కిరించి జేబులో వేసుకునేవాడు. ఆ వెక్కిరింత ఖరీదుగా రెండు చెవులూ మెల్లమెల్లగా పోయాయి.

ఆ షాపులో అదేం వింత కాదు. అందుకే అక్కడ ఒక పద్ధతి ఉంది. పాత మనిషిని వెనక నుంచి ఎవరూ ముట్టుకోరు. అతని చేతిలో ఎర్రగా కాలిన ఇనుము ఉంటుంది. ఉలిక్కిపడి తిరిగాడంటే ముందు కాలేది ముట్టుకున్నవాడే. ఎదురుగా రావాలి. రావడానికి వీలు కాకపోతే కాలితో నేల మీద రెండుసార్లు గట్టిగా తన్నాలి. ఆ అదురు అరికాళ్ళకి తగిలి మనిషి తల తిప్పుతాడు. కొత్తగా చేరినవాడికి సమ్మెట పట్టడం కన్నా ముందు ఇదే నేర్పుతారు. గణపతిరావే ఎంతమందికో నేర్పాడు.

షాపులో నేర్పిన మనిషి ఇంట్లో మాత్రం చెవుడన్న మాట పలకనివ్వలేదు. ఎవరైనా అంటే ఆ కబురు రైల్వే డాక్టరు దాకా పోతుందని భయం. డాక్టరు పరీక్ష చేస్తే సమ్మెట దగ్గర నుంచి లేపేసి ఏ గేటు దగ్గరో స్టూలేసి కూర్చోబెడతారు. తను పని నేర్పిన కుర్రాళ్ళ ముందు స్టూలు మీద కూర్చోవడమా? ఆ ఎనిమిది నెలలూ ఎలాగో లాగించేయాలనుకున్నాడు. పెదవులు చూసి మాట పోల్చుకునేవాడు. పోల్చుకోలేనప్పుడు కోపం తెచ్చుకునేవాడు. కోపంగా ఉన్న మగవాణ్ణి రెండోసారి ఎవరూ అడగరు కదా!

ఇక కుక్క సంగతి. అది క్వార్టరుతో పాటు వచ్చింది. అంతకుముందున్న కుటుంబం రిటైరై వెళ్ళిపోతూ బీరువా పట్టుకెళ్ళింది, తులసికుండీ పట్టుకెళ్ళింది, కుక్కపిల్లని వదిలేసింది. ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా వెనకాలే సందు చివరి దాకా నడిచి దిగబెట్టి వస్తుంది కనక దానికి గార్డు అని పేరు పెట్టారు. శ్రావణి నడక నేర్చుకున్నది దాని వీపు పట్టుకునే.

గార్డుకి టపాసులంటే ప్రాణభయం. ఏటా దీపావళి నాటి కాళీపూజకి మంచం కిందికి దూరి వణికేది. మొన్న కాళీపూజకి వీధంతా దద్దరిల్లుతుంటే వరండాలో ముడుచుకుని హాయిగా నిద్రపోయింది. "ముసిలోడికి దయిర్యం వచ్చినాది," అని అందరూ నవ్వారు. గణపతిరావు నవ్వలేదు. మర్నాడు పొద్దున్న దాని వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు. కదల్లేదు. కాలితో నేల మీద రెండుసార్లు తన్నాడు. కళ్ళు తెరిచి, ఆయన్ని చూసి తోక ఆడించింది. ఆయన దాని పక్కన చతికిలబడి చాలాసేపు తల నిమిరాడు. తనకో తోడు దొరికినట్టు అనిపించింది. ఆనాటి నుంచి దాన్ని లేపాల్సి వచ్చినప్పుడల్లా అలా నేల తన్నే లేపాడు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కుక్కకి చెవుడంటే, తరవాతి మాట తన చెవుల మీదికి వస్తుంది.

ఆ ఆదివారం ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని, కాళ్ళు పీట మీద పెట్టుకుని, టీ తాగుతున్నాడు. చలికాలమని చిలకమ్మ పరిచిన పాత బొంత మీద గార్డు గుమ్మానికి వీపు పెట్టి పడుకుంది. శ్రావణి కాళ్ళకి కొత్త పట్టీలున్నాయి. పిల్ల ఎక్కడ తిరుగుతోందో తెలియాలని చిలకమ్మ నిండా మువ్వలున్నవి ఏరి కొంది. ఆ మువ్వలు మోగించుకుంటూ పిల్ల ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చింది. వంటింట్లో ఉన్న వాళ్ళమ్మ విన్నది. పక్క క్వార్టరు వాళ్ళు కూడా విన్నారు. విననివాళ్ళు ఇద్దరే, వరండాలో ఉన్న ఇద్దరు. పిల్ల వెనక నుంచి వచ్చి నిద్రపోతున్న గార్డు మెడ మీద పడి వాటేసుకుంది. గణపతిరావు తల తిప్పేసరికే రక్తం.

కరిచిన మరుక్షణం గార్డుకి ఎవరిని కరిచిందో తెలిసింది. గోడకి అంటుకుపోయి, తల దించుకుని అక్కడే ఒంటికి పోసుకుంది.

డాక్టరు కుక్కని పది రోజులు కట్టేసి చూడమన్నాడు. ఆ పది రోజులూ అది బాగుంటే పిచ్చి లేనట్టేనట. గార్డుని పెరట్లో జామచెట్టుకి కట్టారు. అల్లుడు ఉమాశంకర్ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. అక్కడ పని దొరికిన దగ్గర నుంచి భార్యాబిడ్డలతో ఈ క్వార్టరులోనే ఉంటున్నాడు. చెడ్డవాడు కాడు. కానీ కూతురి బుగ్గ చూసిన తండ్రి.

"పది రోజులైనాక అది ఇక్కడుండకూడదు మావయ్యా," అన్నాడు ఎదురుగా కూర్చుని. "ఇయాల బుగ్గ. రేపు కన్నైతే? సంపమని నాను అనను. మా ఫ్యాక్టరీకాడ వదిలీస్తాను. కేంటీనున్నాది, నాలుగు కుక్కలున్నాయి, తిండికి లోటుండదు."

ఫ్యాక్టరీ దగ్గర పగలల్లా లారీలు తిరుగుతాయని గణపతిరావుకు తెలుసు. చెవుల్లేని జంతువు అక్కడ ఎన్నాళ్ళు బతుకుతుందో కూడా తెలుసు. ఒక్క మాట చెబితే చాలు. దానికి వినపడదురా, ఉలిక్కిపడి కరిచిందిరా, ఎదురుగా వెళ్ళడం పిల్లకి నేర్పితే సరిపోతుందిరా అంటే చాలు. కానీ నీకెలా తెలుసు మావయ్యా అంటాడు. నీకు ముందే తెలిస్తే పిల్లకెందుకు చెప్పలేదు అంటాడు.

ఆ రోజు చెబుదామనుకుని మర్నాటికి వాయిదా వేశాడు. మర్నాడూ అంతే. తొమ్మిదో రోజు భోజనాల దగ్గర నిజంగానే గొంతు దాకా వచ్చింది.

"ఉమా..."

"ఏటి మావయ్యా?"

"కాస్త కూర ఏసుకో," అన్నాడు.

పదో రోజుకి గార్డు నిక్షేపంగా ఉంది. ఉమాశంకర్ బ్యాటరీతో నడిచే టోటో రిక్షా తెచ్చాడు. గణపతిరావు జామచెట్టు దగ్గరికి వెళ్ళి నేలని రెండుసార్లు తన్నాడు. గార్డు లేచి తోక ఆడించింది. గొలుసు విప్పాడు. ఎక్కడికో షికారనుకుని అది తనంత తనే టోటో ఎక్కింది. ఎప్పుడూ సందు చివరి దాకా అది ఆయన్ని దిగబెట్టేది. ఆ పూట టోటో వెనకాల ఆయనే నడిచాడు. మలుపు తిరిగిపోయాక కూడా అక్కడే నిలబడ్డాడు. గట్టిగా ఒక్క అరుపు అరిస్తే టోటో ఆగును. అరవలేదు.

నాలుగో రోజు సాయంత్రం ఉమాశంకర్ డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండా వరండా మెట్టు మీద కూలబడ్డాడు.

"గార్డు పోనాది మావయ్యా. లారీ రివర్సులో వస్తన్నాది. డ్రైవరు హారన్ కొడతనే ఉన్నాడు. మేవూ గోలెట్టి కేకలేసినాం. అలాగే పడుకుని ఉన్నాది. తలెత్తి సూడనేదు." చేతులతో మొహం తుడుచుకున్నాడు. "అంత సప్పుడుకి లెగనేదేటి మావయ్యా అది?"

గణపతిరావు అల్లుడి పెదవులనే చూశాడు. ఒక్క మాట కూడా జారిపోలేదు.

"దానికి సెవుడు," అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ చిలకమ్మ ఎదురుగా వచ్చింది. "మీకెలా తెలుసు?"

"నాకూ సెవుడే."

అంతా చెప్పాడు. కాళీపూజ నుంచి పట్టీల దాకా, ఏదీ దాచకుండా. చెబుతున్నంతసేపూ ఎవరి మొహమూ చూడలేకపోయాడు. చెప్పడం అయ్యాక చూశాడు. ఉమాశంకర్ కేకలేస్తే బాగుండుననుకున్నాడు. అతను కేకలు వేయలేదు.

"సెప్పడానికి పది రోజులున్నాయి గదా మావయ్యా," అన్నాడు. "నా సేత్తో తీసికెల్లి వదిలినాను దాన్ని."

చిలకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీ సెవుల సంగతి నాకు తెల్దనుకున్నారా? ఆరేళ్ళ నుంచి మీ ఎదరకొచ్చే గదా పిలుస్తన్నాను. మీరు సిన్నబోతారని ఊరుకున్నాను. నానూ ఊరుకున్నాను, మీరూ ఊరుకున్నారు. ఆ మూగజీవి పోనాది."

మీనాకుమారి కూతుర్ని ముందుకు తెచ్చి నిలబెట్టింది. "దీనికి సెప్పు నానా. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఒకటే అడుగుతన్నాది, నానేటి తప్పు సేసినాను, గార్డుకి నామీద కోపమేటి అని. నీ కుర్చీ ఎనకాల నిలబడి నిన్నూ అడిగినాది. నువ్వు పలకనేదు. తాతకీ కోపమొచ్చినాదని ఏడ్సినాది."

తన వెనక నిలబడి ఆ పసిది ఎన్నిసార్లు అడిగిందో! గణపతిరావు కుర్చీలోంచి దిగి పిల్ల ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. బుగ్గ మీద కుట్ల గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"నీ తప్పు నేదమ్మా. గార్డు తప్పూ నేదు. దానికి సెవులు పోనాయి. నువ్వొచ్చినట్టు తెలీక బెదిరిపోనాది. ఆ సంగతి నీకు సెప్పాల్సింది నాను. సెప్పనేదు. తప్పు నాది."

"మరెలా పిలవాలి దాన్ని?"

ఆయన లేచి, సిమెంటు నేల మీద కాలితో రెండుసార్లు తన్ని చూపించాడు. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి చూపించినట్టే. పిల్ల శ్రద్ధగా చూసింది.

అయితే చచ్చిపోవడమంటే ఏమిటో పిల్లకింకా ఎవరూ చెప్పలేదు. మర్నాడు పొద్దున్న గణపతిరావు చెవుల సంగతి తనే చెప్పి గేటు దగ్గర స్టూలు అడిగి పుచ్చుకుందామని డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలోకి వచ్చేసరికి, శ్రావణి వరండాలో ఖాళీ బొంత ముందు నిలబడి ఉంది. వెనక కాదు, ఎదురుగా. పట్టీల కాలు ఎత్తి నేల మీద రెండుసార్లు గట్టిగా తన్ని, వంగి చూస్తోంది. కాసేపు ఆగి, మళ్ళీ రెండుసార్లు తన్నింది. చెప్పులు తొడుక్కోబోతున్న గణపతిరావుకు ఆ అదురు అరికాళ్ళకి తగిలింది.