పిల్లులూ కుక్కలూ ఎక్కిన తెరచాప

డెంజిల్ పాస్కో యాభై ఏళ్లు తెరచాపలు కుట్టాడు. మా రేవులో ఆయన కుట్టు పడని పడవ లేదు. అలాంటి మనిషికి డెబ్బై రెండో ఏట పరీక్ష పెట్టారు.

రేవులో కట్టేసిన పాత ఓడ ‘ప్రుడెన్స్’ చూడటానికి వచ్చేవాళ్లకు కబుర్లు చెప్పడం డెంజిల్‌దీ నాదీ పని. జీతం లేదు; నీలం కోటు, టీ, కేకు ముక్క. ఆ ఏడాది ఓడ బాగోగులు చూసే సంఘానికి లండన్ నుంచి ఫిలిప్పా మేడమ్ అధ్యక్షురాలిగా వచ్చింది. సముద్రమంటే ఆవిడకు ఎంత గౌరవమంటే, ఎన్నడూ దాని మీద కాలు పెట్టలేదు. ఇంగ్లీషు నానుడులు ఓడల మీద ఎలా పుట్టాయో చెప్పే పుస్తకం ఒకటి అందరికీ పంచి, ఇది అప్పజెప్పిన వాళ్లకే కోటు అంది.

కెప్టెన్ గదిలో ముందు డెంజిల్‌ను అడిగింది.

“పాస్కో గారూ, భోరున వాన పడితే పిల్లులూ కుక్కలూ కురుస్తున్నాయని ఎందుకంటాం?”

“తెలీదు. ఎవరికీ తెలీదు.”

“పన్నెండో పేజీలో ఉందండీ.”

“ఆ పేజీలోది నేనల్లిందేనమ్మా. ముప్పై ఏళ్ల కింద ఓ పెద్దమనిషి వానకు తడిసి పబ్బులోకొచ్చాడు. ఈ మాటెక్కడిదని అడిగాడు. బీరు ఇప్పిస్తే చెప్తానన్నా. వెనకటికి ఓడల్లో పిల్లులూ కుక్కలూ చుట్టిపెట్టిన తెరచాపల్లో పడుకునేవి, వానొచ్చి చాప విప్పితే జలజలా కింద రాలేవి అని చెప్పా. కుక్క అంత ఎత్తు తెరచాప కొయ్య ఎలా ఎక్కిందని కూడా అడగలేదు మహానుభావుడు. రాసుకున్నాడు.”

“ఇందులో చెప్పింది ఒంటికన్ను ముసలి నావికుడు.”

“ఆ ముసలాణ్ణి నేనే. అప్పటికి నాకు నలభై రెండు. కళ్లు రెండూ ఉన్నాయి.”

“అయితే మీరు కాదన్నమాట.” ఆవిడ పేజీ తిప్పింది. “పోనీ, మీరు అబద్ధం చెప్పారనడానికి ఆధారం ఏదైనా ఉందా?”

డెంజిల్ నా వైపు తిరిగాడు. “చెప్పు టామ్సిన్. ఆ రోజు పబ్బులో గ్లాసు నింపింది నువ్వే కదా.”

నేనే. ఆ మాటలన్నీ విని, నవ్వాపుకోలేక బల్ల కింద దాక్కున్నాను కూడా. కానీ తర్వాతి వంతు నాది. కోటు కొత్తగా ఇస్త్రీ చేయించుకున్నాను.

“ఎప్పటి మాటో. గుర్తు లేదు,” అన్నాను.

డెంజిల్ లేచి వెళ్లిపోయాడు. నేను పన్నెండో పేజీ ఒంటికన్నుతో సహా అప్పజెప్పి, పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకున్నాను.

రెండు వారాలు డెంజిల్ గడప దాటలేదు. గొణుగుడు వినలేక భార్య మోర్వెన్నా తగులుకుందట.

“ముప్పై ఏళ్లు ఆ అబద్ధం మీద ఊరందరి చేతా బీరు పోయించుకున్నావు. ఇప్పుడు నిజం చెప్పినందుకు కోటు ఇమ్మంటే ఎవరిస్తారయ్యా?”

“పదిమంది నమ్మినంత మాత్రాన నిజమైపోద్దా?”

“కాదు. అచ్చేస్తే అవుద్ది. పోయి చెప్పిరా, ఇంట్లో నా ప్రాణం తీయకు.”

రెండోసారి పరీక్షకు వెళ్లాడు. పైకప్పు చూస్తూ, తన కథే తాను, పొల్లుపోకుండా చెప్పాడు. ఫిలిప్పా మేడమ్ పాసుకు సరిగ్గా సరిపడా అయిదు మార్కులు వేసింది.

“సమాధానం సరైందే. చెప్పేటప్పుడు మీలో నమ్మకమే కనిపించలేదు,” అంది.

ఇప్పుడు ఇద్దరం ఒకే ఓడ మీద ఉంటాం. రోజుకు నాలుగుసార్లు నేను ఆ కథ చెప్తాను, జనం నవ్వుతారు. డెంజిల్ అవతల తాళ్లు చుడుతూ ఉంటాడు. నాతో మాట్లాడడు.

మొన్న ఉండబట్టలేక కుంకుమపువ్వు బన్ను ఒకటి పట్టుకెళ్లి, ఆ రోజు నేను చేసింది తప్పేనని చెప్పాను. బన్నంతా తిన్నాడు. చెప్పిందంతా విన్నాడు. చేతులు దులుపుకున్నాడు.

“ఆ మాట నాకెందుకు, మేడమ్‌కు చెప్పు,” అన్నాడు.

ఆవిడ గది పది అడుగుల దూరం. ఇంకా వెళ్లలేదు.