సాయమ్మ తోమిన సీసా

నేను ఒక గాజు సీసాను. మందుకో పచ్చడికో పుట్టినదాన్ని కాదు. కొలిమిలో కాలి రూపు దిద్దుకుని, నగరంలోని ఒక పరిశోధనశాలకు చేరాను. అక్కడ నన్ను ఆమ్లంతో కడిగి, ఆరబెట్టి, మూత బిగించారు. నాలో పోసినదాన్ని ఉన్నదున్నట్టు మోసుకురావడమే నా వ్రతమని నమ్మాను.

వాగుల్లో రసాయనాలను పరిశీలించే వైదేహి మేడం నన్నొక ఊరికి తీసుకెళ్లింది. ఎగువన ఫ్యాక్టరీలున్నాయి. వాగు పాడైందని తేలితేనే ఊరికి వస్తున్న మంచినీళ్ల ట్యాంకర్ కొనసాగుతుంది; లేకుంటే వాగు పక్క బావి నీళ్లే గతి. అవి నల్లనీళ్లు వదిలేదేమో కోడికూత వేళ. పరీక్ష చేసేవారే తమ చేతులతో సీసా నింపాలన్నది నియమం. అంత పొద్దున్నే రావడం మేడంకు కష్టమనిపించింది. ఒడ్డునే ఇల్లున్న యాదమ్మకు నన్ను అప్పగించి వెళ్లిపోయింది.

యాదమ్మ నన్ను వాగులో ముంచి, అడుగు బురదతో సహా నింపి, గడప పక్కన పెట్టి చేనుకు పోయింది. ఆమె అత్త సాయమ్మ తులసికి నీళ్లు పోయనిదే మెతుకు ముట్టదు. నన్ను చూసి ముక్కు మూసుకుంది.

"ఓ యమ్మా! పట్నం బోయే గంగమ్మను గిట్ల గబ్బుతోటి సాగదోలుతరా? సుట్టాలింటికి ఆడివిల్లను చినిగిన చీరెతోటి పంపుతమా?"

పారబోసి, బూడిదతో తోమి, ట్యాంకర్ నీళ్లు నింపి, మూతకు పసుపు రాసి బొట్టు పెట్టింది. నాకు నోరుంటే కదా అరవడానికి!

మేడం నవ్వుతూ బొట్టు తుడిచి నన్ను తీసుకెళ్లింది. వాగు నీరు శుభ్రమని తేలింది. ట్యాంకర్ ఆగిపోయింది.

కొన్నాళ్లకు మరో వాగుకు పోతూ, మేడం నాతో సహా ఆ ఇంటిముందు ఆగింది. యాదమ్మ నన్ను ఆమె చేతిలోంచి లాక్కుంది.

"దీంట్లనే నింపిన మేడం! బొగ్గు లెక్క ఉండె. గవి మంచినీళ్లెట్లయితయి?"

సాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనే బిడ్డా... కడిగి మంచియి పోసిన. మర్యాదనుకున్న."

మేడం ముఖం పాలిపోయింది. "నేనే నింపానని సంతకం పెట్టానమ్మా. ఈ మాట బయటికొస్తే నా ఉద్యోగం పోతుంది" అని, నన్ను వెనక్కి అడగకుండానే జీపెక్కింది.

సాయమ్మ చేసినది భక్తో, తప్పో దేవుడికే తెలియాలి. కానీ అన్నీ తెలిసిన చేతులు నన్ను వదిలేసినప్పుడు కలిగిన బాధ కొలిమిలో కూడా ఎరగను.

మర్నాడు యాదమ్మ నన్ను మళ్లీ వాగులో నింపి, బస్సెక్కి పరిశోధనశాలకు వచ్చింది. గేటు కాపలాదారు లోపలికి ఫోన్ చేశాడు. బయటివాళ్ల సీసాలు తీసుకోవద్దని వైదేహి మేడమే చెప్పిందట. యాదమ్మ ఎదురుచూస్తూ కూర్చున్నంతసేపట్లో నాలోని బురద అడుక్కి దిగిపోయింది. కాపలాదారు నన్ను ఎత్తి వెలుగులో చూశాడు.

"మంచిగనే కనవడ్తున్నయ్ కదక్కా! ఏమైంది వీటికి?"

"జర ఊపి సూడు తమ్మీ."

"మేడం బయటికొస్తే సెప్తలే" అని, ఊపకుండానే బల్ల కింద పెట్టాడు.

యాదమ్మ బస్సు వేళకు వెళ్లిపోయింది. నేనింకా ఇక్కడే ఉన్నాను. ఎవరూ కదపరు. బురద పైనున్న నీళ్లు రోజురోజుకూ ఇంకా తేటపడుతున్నాయి.