కాటాకు అందని సంగతి

మా గొర్రెపిల్లలను వారం వారం కాటా ఎక్కించేవాణ్ణి. ముల్లు ఎంత చూపిస్తే నాకు అంతే నిజం. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆ ఏడు బీడంతా ఎండిపోయింది. పిల్లలను కొట్టంలోనే ఉంచి గింజల దాణా పెట్టమని, అందులో రోజూ విటమిన్-ఇ పొడి కలపమని పశువుల డాక్టరమ్మ చెప్పింది.

"పచ్చగడ్డి మేస్తే అందులోనే దొరుకుతుంది. వీటికి మనమే పెట్టాలి. మధ్యలో మానేయకండి" అంది.

నెల రోజులు కలిపాను. బరువులో పిసరంత తేడా లేదు. ఈవిడకు పనీపాటా లేదనుకుని డబ్బాను అటకెక్కించి, దానికి బదులు ఇంకో గుప్పెడు మొక్కజొన్న పోశాను. పిల్లలు దిట్టంగా పెరిగాయి. నేను మీసం మెలేశాను.

ఆ మాంసం అమ్మేది మా తమ్ముడు. మా మంద తప్ప వేరే మాంసం వాడి కొట్టు గుమ్మం తొక్కదు. పొద్దున కోసింది సాయంత్రం దాకా ఎర్రగా ఉండేది. ఆ వేసవిలో మధ్యాహ్నానికే గోధుమరంగుకు తిరిగిపోయింది.

"నిన్నటిది అంటగడుతున్నావా?" అంటూ, ఎన్నో ఏళ్లుగా కొంటున్న టీచరమ్మ పొట్లం బల్ల మీదే వదిలేసి వెళ్లిందట. ఆమె వెనకే మిగతావాళ్లూ మానేశారు. తమ్ముడు కత్తులు మరిగించాడు, ఫ్రిజ్ మార్చాడు, బల్లను రోజుకు నాలుగుసార్లు కడిగాడు. వాడి చేతులు పగిలిపోయాయి. అవి చూస్తూ, "శుభ్రం ఇంకా చాలదేమోరా" అని సలహా కూడా పారేశాను. ఆ మాట అన్నందుకు ఈ నోరు పడిపోయినా తప్పులేదు.

కొట్టు మూతపడ్డ వారానికి డాక్టరమ్మ వచ్చి అటక మీది డబ్బా చూసింది.

"అది బరువు కోసం కాదండీ. మాంసం రంగు త్వరగా మారిపోకుండా ఉండటానికి. చెప్పాను కదా!"

చెప్పే ఉంటుంది. నేను కాటా వైపు చూస్తూ ఉండి ఉంటాను.

డబ్బా చంకన పెట్టుకుని వెళ్లాను. తమ్ముడు వేరేవాళ్ల కొట్టులో ఎముకలు కొడుతున్నాడు. జరిగిందంతా చెప్పాను. వాడు తిడితే బాగుండేది. డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కత్తిని అనుమానించాను అన్నయ్యా. నీళ్లను అనుమానించాను. సరిగ్గా తుడవట్లేదని మా ఆవిణ్ణి నానా మాటలూ అన్నాను."

డబ్బా నా చేతిలో పెట్టాడు.

"నువ్వు పంపినదాన్ని మాత్రం ఒక్కనాడూ అనుమానించలేదు."