నీలి బిళ్ళ తిప్పితే వేణ్ణీళ్ళు

మ్యూజియం హాల్లో ఒక గోడ నిండా సముద్రాలు. గీతలు గీసింది పెయింటర్, రంగులు నింపింది ఆయన భార్య. పెళ్ళయిన దగ్గర్నుంచీ వాళ్ళ పని అలాగే సాగుతోంది. ఈ గోడ నచ్చితే ఎదురు గోడ కూడా వాళ్ళకే ఇస్తారు, దాని మీద గాలులు వెయ్యాలి. షాపుల బోర్డులన్నీ మెషిన్ల పాలయ్యాక చేత్తో వేసే గోడ దొరకడమే గగనమైంది కాబట్టి, పెయింటర్ ఆ రెండో గోడ మీద ప్రాణాలన్నీ పెట్టుకున్నాడు.

డైరెక్టరమ్మ వచ్చి, చేతులు కట్టుకుని, చాలాసేపు చూసింది.

"ఎండ మాడ్చేది భూమధ్యరేఖ దగ్గర," అంది చివరికి. "అక్కడ కాగిన నీళ్ళని గాలులు తోస్తే, ప్రవాహాలు ధ్రువాల వైపు మోసుకెళ్తాయి. అక్కడి చన్నీళ్ళు ఇటు తిరిగొస్తాయి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం లేకపోతే మధ్యలో వాళ్ళు ఉడికిపోతారు, చివర్న వాళ్ళు ఇంకా గడ్డకట్టిపోతారు. అంతేనా?"

"అంతే మేడమ్. మీరిచ్చిన జిరాక్స్ చూసే బాణాలు వేశాను."

"బాణాలు బాగున్నాయి. వేడివన్నీ నీలంగా, చల్లనివన్నీ ఎర్రగా ఉన్నాయి. ఈ లెక్కన ధ్రువాల నుంచి మనకి వేణ్ణీళ్ళు వస్తున్నాయి."

పెయింటర్ గోడ వైపు చూశాడు. ఆయనకి ఏ తప్పూ కనపడలేదు. భయం వేసింది అందుకే. పక్కన భార్య నిమ్మకు నీరెత్తినట్టు బ్రష్ తుడుచుకుంటోంది. ఆవిడకీ గోడ సరిగ్గానే ఉంది.

అప్పుడు ఆయనకి ఇంట్లో స్నానాల గది గుర్తొచ్చింది.

ఇల్లు కట్టుకున్నప్పుడు ప్లంబర్ ఎందుకు దండగని కుళాయిలు తనే బిగించాడు. ఎర్ర బిళ్ళ ఉన్నది తిప్పితే చన్నీళ్ళు, నీలి బిళ్ళది తిప్పితే వేణ్ణీళ్ళు. భార్య మొదటిరోజే చెప్పింది. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి కదా, "స్టవ్ మంట ఏ రంగులో ఉంటుందో చూసుకో," అన్నాడు. కొన్నాళ్ళు పోట్లాడి ఆవిడ ఊరుకుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో నీలమంటే వేడే. చుట్టాలు చేతులు కాల్చుకుని వెళ్ళారు. ఆయన అక్కగారైతే మళ్ళీ గుమ్మం తొక్కలేదు.

"రంగులు వేసిందెవరు?" అడిగింది డైరెక్టరమ్మ. "దీన్ని దిద్దుకోవచ్చు. గాలుల గోడకి మాత్రం ఆ మనిషిని పెట్టుకోను."

భార్య గోడ వైపు, బ్రష్ వైపు మార్చి మార్చి చూసింది. "నేనేనండీ," అనబోయింది. పెయింటర్ చటుక్కున అడ్డొచ్చాడు. మొదటిరోజే నిజం చెప్పింది ఆవిడ, ఇప్పుడు శిక్షా ఆవిడకేనా?

"వేసింది తనే మేడమ్. నేర్పింది నేను," అన్నాడు. కుళాయిల సంగతంతా చెప్పాడు. "తిరగేసి బిగించి, ఒక్కనాడూ ఒప్పుకోలేదు. తియ్యాలంటే నన్ను తియ్యండి."

భార్య బ్రష్ తుడవడం ఆపి ఆయన్నే చూస్తూ నిలబడింది. పెళ్ళిపీటల మీద కూడా ఆయన్ని అంతసేపు చూసి ఉండదు.

"ముందు ఈ గోడ, తర్వాత ఆ కుళాయిలు సరిచెయ్యండి," అంది డైరెక్టరమ్మ, నవ్వకుండా. "అవి రెండూ అయ్యాక ఇద్దరూ వచ్చి గాలులు మొదలుపెట్టండి."

గోడ దిద్దేసరికి వాళ్ళ నడుములు పడిపోయాయి. ఇంటికెళ్ళాక పెయింటర్ రెంచి పట్టుకుని పైపులు విప్పి, అటుది ఇటు, ఇటుది అటు బిగించాడు. ఇన్నేళ్ళ పంతం చిటికెలో తేలిపోయింది.

మర్నాడు స్నానానికి ముందు ఆయనే వెళ్ళాడు. చెయ్యి అలవాటు కొద్దీ నీలి బిళ్ళ మీదికే పోయింది. ఐసు లాంటి నీళ్ళు నెత్తిన పడ్డాయి.

"ఏమండీ, వేణ్ణీళ్ళు వస్తున్నాయా?" తలుపు అవతల నుంచి భార్య అడిగింది.

వస్తున్నాయనే అందామనుకున్నాడు. నోటిదాకా వచ్చింది కూడా.

"లేదు," అన్నాడు, పళ్ళు టకటకలాడుతుంటే. "తప్పు నాదే."



"నీళ్ళ చప్పుడులో వినపడలేదండీ," అంది ఆవిడ. "ఇంకోసారి చెప్పండి."

ఆయన ఇంకోసారి చెప్పాడు.