ఎడమ కంటి పోగు

మమతారాణి పొద్దున్నే అద్దాల పెట్టె తుడిచి, అక్షరాల బోర్డుకు లైటు వేసి, మొదటి మనిషిని పిలిచింది. సిరిసిల్ల నేతవాడలోని చిన్న దవాఖానలో పన్నెండేళ్లుగా కళ్లు పరీక్షించడం ఆమె పని.

వచ్చింది కమలవ్వ. మరమగ్గాలకు కండెలు చుట్టే మనిషి. కుడి కన్ను నిరుడే పోయింది. మిగిలిన ఎడమ కంటి కొసనుంచి నల్లటి దారం జారుతుంటే అలవాటుగా కండెకు చుట్టుకుంటోంది.

"ఎప్పటిసంది అవ్వా?"

"పెత్రమాస పండుగ కాడికెళ్లి. మా మగ్గాల సేటుకు సూపిస్తే, దారానికి నలుపు మంచిగ దిగిందన్నడు."

మమతారాణి నవ్వి, అద్దాలు మార్చి మార్చి పెట్టింది. ఏది పెట్టినా కమలవ్వ చూపు పై వరుస దాటలేదు. ఈలోగా దారం కండెను నింపి, గడప దాటి, వరండా వెంట పోయింది. కాసేపటికి షుగర్ డాక్టర్ శ్యాంసుందర్ దాని కొస పట్టుకుని వచ్చాడు.

"నా కాళ్లకు సుట్టుకుంటుంది మమతా, గీ పోగు ఎవరిది? ఓ, కమలవ్వదా! షుగర్ గోలీలు ఏసుకుంటున్నవా?"

"లే సార్. ఈ బిడ్డ కంట్ల సుక్కల మందు ఇచ్చింది గదా. రెండు మందులు ఒంట్ల కొట్లాడుకుంటయని గోలీలు బందువెట్టిన. ఆరు నెల్లాయె."

చుక్కలు ఇచ్చిననాడు మమతారాణి గోలీల సంగతి అడగలేదు. గోలీలు రాసిన ఆయన కంటి సంగతి అడగలేదు. ఇద్దరి గదుల మధ్య పది అడుగుల దూరం.

కరీంనగర్‌లో కంటి డాక్టర్ పద్మలతకు ఫోన్ చేశారు. "లోపల నెత్తురు కారుతుంది. ఇయ్యాల్నే తీసుకరాండ్రి, లేజర్ పెడత. పోగు తెగిందంటే ఆ కన్ను గూడ పోతది. కొసను శ్యాంసుందర్ సార్ ఇడువొద్దు. షుగర్ దిగకుంటే నా లేజర్ ఒక్కటే ఏం జేస్తది?"

శ్యాంసుందర్ కొసను మణికట్టుకు కట్టుకుని దవాఖానలోనే ఉండిపోయాడు. కమలవ్వ పక్కన మమతారాణి బస్సెక్కింది. కిటికీలోంచి పోగు మానేరు నీళ్ల మీదుగా సాగింది.

"దారానికి టికెట్ లేదు గని, ఎవరి కాళ్లకు తట్టకుంట పట్టుకో అక్కా," అన్నాడు కండక్టర్.

పద్మలత లేజర్ పెట్టింది. ఆ రోజు మొదలు మూడు నెలలు, శ్యాంసుందర్ గోలీలు సరిచేసినప్పుడల్లా పద్మలతకు చెప్పాడు, ఆమె కంటిలో చూసిందల్లా ఆయనకు చెప్పింది. మమతారాణి వారం వారం కమలవ్వ ఇంటికి పోయి ఇద్దరి మాటా చేరవేసింది. పోగు వెంట్రుకంత సన్నబడింది. ఒక మంగళవారం శ్యాంసుందర్ మణికట్టు మీద లేనే లేదు.

ఆ సాయంత్రం మమతారాణి వచ్చేసరికి కమలవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది. దగ్గరికి రమ్మని, గడ్డం పట్టి వెలుతురు వైపు తిప్పింది.

"నీ కండ్ల కింద గీ నలుపేంది బిడ్డా? నిద్రవోతలేవా?"