ఈ వారం నాకేం జబ్బు?

మా అమ్మాయి కాలేజీలో సైకాలజీ తీసుకున్నప్పటి నుంచి మా ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లంటూ ఎవరూ లేకుండా పోయారు.

మాది టైలరింగ్ షాపు. ముందు గదిలో మిషన్లు, వెనక గదుల్లో కాపురం. మా ఆయన కొలతలు తీసి కత్తిరిస్తాడు, నేను కుడతాను. కళ్లు బాగున్నంత కాలం కాజాలూ గుండీలూ మా అత్తగారు చూసుకునేది. అమ్మాయి కాలేజీలో చేరి వచ్చిన రోజు కటింగ్ బల్ల దగ్గర నిలబడి, అక్కడ ఏమేం చెబుతారో వరసగా వివరించింది. మొదటి ఏడు మనసు ఎలా పనిచేస్తుందో, రెండో ఏడు పిల్లలు ఎలా పెరిగి పెద్దవుతారో, మూడో ఏడు మనసు ఎక్కడెక్కడ చెడిపోతుందో.

"ముందు మీ అమ్మ మనసు సంగతి కనుక్కుని చెప్పు తల్లీ," అన్నాడు మా ఆయన. "ఇన్నేళ్లుగా నావల్ల కాలేదు."

"అమ్మ సంగతి మూడో ఏడులో వస్తుంది నాన్నా," అంది అది. నేను కత్తెర చూపించాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, నేర్చిన పాఠమల్లా ముందు మా మీదే ప్రయోగించింది. తాళం వేశాక మళ్లీ వెనక్కొచ్చి లాగి చూస్తానని నాకొక జబ్బు. కుండీల్లో మొక్కలతో మాట్లాడుతుందని అత్తగారికొకటి. ఆవిడ ఊరుకునే మనిషా? "మీరెవరూ పలక్కపోతే మొక్కలతో కాక ఇంకెవరితో మాట్లాడనే?" అని దాని మీద విరుచుకుపడింది. మా ఆయనకైతే వారానికొకటి. బట్టలు మడిచి ఇచ్చే ముందు గుండీలన్నీ వేలితో తాకి చూసుకోవడం ఆయన అలవాటు. అదీ జబ్బేనట. ఆయనకి మాత్రం ఇదంతా సంబరం. శనివారం అది కాలేజీ నుంచి రాగానే మెడలో టేపు సర్దుకుని, చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడేవాడు.

"డాక్టరుగారూ, ఈ వారం నాకేం జబ్బు?"

అది గంభీరంగా ముఖం పెట్టి ఏదో ఒక పెద్ద పేరు చెప్పేది. షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ ఆయన ఆ పేరు వంకరటింకరగా పలికి వినిపించి మురిసిపోయేవాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది వరస అని గొణుక్కునేదాన్ని గానీ, ఆ నవ్వులు వినిపించని శనివారం నాకూ చప్పగా ఉండేది.

వాళ్ల మేడం మొదటి క్లాసులోనే హెచ్చరించిందట. ఈ చదువు చదివేవాళ్లకి ప్రతి జబ్బూ తమకో, తమ ఇంట్లోవాళ్లకో ఉన్నట్టే కనిపిస్తుందనీ, కంగారు పడొద్దనీ, ఇంట్లోవాళ్ల జోలికి పోవద్దనీ. ఈ మాట మాకు చెప్పింది అమ్మాయే. ఏరి కోరి మా చేతికి కర్ర ఇచ్చినట్టయింది. అది ఏమన్నా సరే, "మీ మేడం ఏం చెప్పింది?" అని నోరు మూయించేవాళ్లం.

మూడో ఏడులో ఒక శనివారం ఆయన మామూలుగానే చేతులు కట్టుకుని అడిగాడు. అది ఆయన వైపు అదోలా చూసి, జవాబు చెప్పకుండా నా దగ్గరకు వచ్చేసింది.

"అమ్మా, నాన్న ఇందాకే అడిగాడు. నేను చెప్పాను, నవ్వాడు కూడా. మళ్లీ కొత్తగా అడుగుతున్నాడు. మొన్న కత్తెర ఇమ్మనడానికి పేరు తట్టక 'అది, అది' అన్నాడు."

"ఈ వారం మీ పాఠమేమిటి?"

అది తల దించుకుంది. "మతిమరుపు."

"మరింకేం! పాఠం మారినప్పుడల్లా మాకు జబ్బు మారాలా? మీ మేడం ఏం చెప్పింది?"

గుమ్మంలోంచి విన్న మా ఆయన పడీపడీ నవ్వాడు. "మీ అమ్మని కట్టుకున్నవాడికి మతిమరుపు జబ్బు కాదే, మందు!"

అయినా దాని మనసు ఊరుకోక మేడంను అడిగింది. మనిషిని చూడకుండా ఆవిడ మాత్రం ఏం చెబుతుంది? మొదటి క్లాసులో చెప్పిందే మళ్లీ చెప్పింది. ఆ సాయంత్రం అది వచ్చి ఆయన భుజం మీద తల ఆనించి, "పాఠం తలకెక్కింది నాన్నా, ఏమీ అనుకోకు," అంది. ఆయన దాని తల నిమిరాడు గానీ, ఆ పూట జోకేమీ వెయ్యలేదు. ఆ తర్వాత ఆయన ఏం మరిచిపోయినా అది ముఖం పక్కకి తిప్పుకునేది. చూడ్డం నేర్పించింది కాలేజీ, చూడకుండా ఉండటం నేర్పించింది మేము.

చివరికి ఒకాయన చొక్కాకి మా ఆయన రెండు చేతులూ ఎడమవే కత్తిరించాడు. బట్టకి పైవైపు, లోవైపు తేడా ఉంటే అది దిద్దడానికి వీలుండదు. నిన్నగాక మొన్న కత్తెర పట్టినవాడు చేసే పొరపాటు. దానికి కూడా నాకు అంత భయం వేయలేదు. ఆ ముక్కలు రెండూ పక్కపక్కన పెట్టి చూపించినా తప్పేమిటో ఆయనకి తెలియలేదు. తిప్పి తిప్పి చూసి, నా ముఖం చూసి, నవ్వబోయి ఆగిపోయాడు. ఆ పూటే షాపు మూసి ఆస్పత్రికి తీసుకెళ్లాను.

ఆస్పత్రిలో అన్ని పరీక్షలూ చేశారు. పోయింది తిరిగి రాదనీ, మందులతో కొంచెం నెమ్మదిస్తుందేమోననీ చెప్పారు. "ముందుగా గమనించింది ఎవరు?" అని డాక్టరు అడిగింది. నేను అమ్మాయి వైపు చూశాను. అది గోడ వైపు చూస్తోంది.

మర్నాటి నుంచి అది కాలేజీకి వెళ్లలేదు. పుస్తకాలు అటక మీదకి విసిరేసింది. "నా నోటితో అన్నానమ్మా, అందుకే నిజమైంది," అని ఏడ్చింది. చదువుకున్నదానివి, ఆ మాటలేమిటే అని కసిరాను గానీ, దానికంటే ఎక్కువ నేనే ఏడ్చాను. చివరి పరీక్షలు దగ్గరికొచ్చాయి. అవి రాయకపోతే ఇన్నాళ్ల చదువూ గంగపాలే. ఎంత చెప్పినా వినలేదు. పైగా మా ఆయనకి శనివారాలు కలిసిపోయాయి. రోజూ, పొద్దుటా సాయంత్రం, "ఈ వారం నాకేం జబ్బు?" అని అడిగేవాడు. ఆ మాట వినపడగానే అది లేచి వెళ్లిపోయేది.

ఇద్దరినీ ఒకచోట నిలబెడదామని నేనొక పూలబట్ట తీశాను. "అమ్మాయి పరీక్షలకి వేసుకోవాలి, కత్తిరించండి," అన్నాను. పరీక్షల మాటకి అది చిరాకు పడింది గానీ, ఆయన అప్పటికే టేపు పట్టుకున్నాడని వచ్చి చేతులు చాచి నిలబడింది. భుజం, చేతి పొడవు, నడుము. వేళ్లకి పని గుర్తుంది, గబగబా కొలిచాడు. కొలిచి నా వైపు తిరిగాడు.

"విచిత్రం చూశావా? ఈ అమ్మాయివి అచ్చం మన అమ్మాయి కొలతలే."

చాచిన చేతులు అది ఇంకా దించలేదు.

"మా అమ్మాయి కూడా కాలేజీలో చదువుతోందమ్మా," అన్నాడు దానితో, మర్యాదగా. "వారం వారం నాకొక జబ్బు కనిపెడుతుంది. అన్నీ ఉత్తుత్తివే. ఒక్కసారి మాత్రం నిజం చెప్పింది. అప్పటికే నాకూ అనుమానంగానే ఉంది. పిల్ల బెదిరిపోతుందని నవ్వేశాను." టేపు వేలికి చుట్టుకున్నాడు. "నవ్వకుండా ఉండాల్సింది. పాపం, దాని చదువు మీద దానికే నమ్మకం పోయింది."

టేపు మెడలో వేసుకుని, మళ్లీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీరూ చదువుకున్నవాళ్లలా ఉన్నారు. చెప్పండి, ఈ వారం నాకేం జబ్బు?"

ఈసారి అది వెళ్లిపోలేదు. చేతులు దించి, ఆయన కళ్లలోకి చూస్తూ, పరాయి పిల్లలాగే జవాబు చెప్పింది.

"మతిమరుపండీ."

ఆయన ముఖం వెలిగిపోయింది. "విన్నావా?" అన్నాడు నాతో గర్వంగా. "మన పిల్లా అదే చెప్పింది!"

ఆ సాయంత్రం అది అటక ఎక్కి పుస్తకాలు దించుకుంది. నేను ఆయన కత్తిరించిన ముక్కలు కుట్టడానికి తీశాను. కొలతల్లో నూలుపోగంత తేడా లేదు. చేతులు మాత్రం రెండూ ఎడమవే. మిగిలిన బట్టలోంచి కుడిచెయ్యి ఒకటి నేనే కత్తిరించి కుట్టేశాను, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పరీక్ష రోజు పొద్దున అది ఆ బట్టలు వేసుకుని బయల్దేరింది. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న మా ఆయన దాన్ని ఆపి, భుజం కుట్టు మీద వేలు రాసి చూశాడు.

"బాగా కుదిరిందమ్మా. ఎవరు కుట్టారు?"

అది వంగి ఆయన కాలరు సరిచేసింది.

"మా నాన్నండీ," అంది.